పడింది పట్టాల మీదే, కానీ ఆ రోజు చెడింది అక్కడ కాదు

పాఠకుల ప్రశ్న: నా వయసు 46. రెండేళ్లుగా ప్రతి ఆదివారం సైకిల్ తొక్కుతున్నాను. మూడు వారాల క్రితం 80 కిలోమీటర్లు తిరిగి రావాలని బయలుదేరాను. 35వ కిలోమీటరు దగ్గర వెనక టైరు పంక్చరైంది. కొత్త ట్యూబు వేసుకుని కదిలితే ఐదు కిలోమీటర్లు తిరక్కుండానే మళ్లీ గాలి పోయింది. ఆ ట్యూబుకే ప్యాచ్ వేసి, చిన్న చేతి పంపుతో కొట్టగలిగినంత గాలి కొట్టాను. ఇంతలో వాన పట్టుకుంది. తెచ్చుకున్న తిండి మొదటి పంక్చరు దగ్గరే అయిపోయింది. 60వ కిలోమీటరు దాటాక కాళ్లు వణికాయి, కళ్లు తిరిగాయి. ఇల్లు ఇంకా తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా రైలు పట్టాలు దాటుతూ జారి పడ్డాను. కుడి అరచేయి నేలకు ఆనింది, హెల్మెట్ కూడా ఒక పక్క కొట్టుకుంది. బొటనవేలి మొదట్లో ఇంకా నొప్పి ఉంది, కానీ వాపు తగ్గింది కదా అని డాక్టరుకు చూపించలేదు. పోయిన వారం సైకిల్ ఎక్కితే చేతులు కొయ్యబారిపోయాయి. నా భార్య సైకిల్ అమ్మేయమంటోంది. ఇదంతా నా అజాగ్రత్త వల్లే జరిగిందా? ఈ వయసులో ఇది నాకు తగని పనా?

సమాధానం: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అంతకంటే ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, అది ఆగేది కాదు. ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే ఆ చేతిని ఎముకల డాక్టరుకు చూపించుకోండి. పడబోయే మనిషి చేయి చాపి నేలను పట్టుకోబోవడం సహజం. అలా పడినప్పుడు సైకిల్ తొక్కేవాళ్లకు ఎక్కువగా దెబ్బతినేవి మెడ కింది జత్రువు (కాలర్ బోన్), మణికట్టు. మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక, జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. దానికి రక్తం చాలావరకు వేళ్ల వైపు చివరి నుంచి వెనక్కి వస్తుంది కాబట్టి, మధ్యలో చిట్లితే వెనకభాగానికి రక్తం సరిగా అందక ఎముక అతుక్కోకుండా ఉండిపోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, ఆ చిట్లు మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రేలో కొన్నిసార్లు కనిపించదు. అందుకే అనుమానం ఉన్న డాక్టర్లు చేతికి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరవాత మళ్లీ తీసి చూస్తారు, లేదా ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో ఒక గుంట ఏర్పడుతుంది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి పుడుతోందంటే, వాపు తగ్గిందన్న ధైర్యం పనికిరాదు. మూడు వారాలు ఇప్పటికే గడిచిపోయాయి, నాలుగో వారం గడవనివ్వకండి.

తల సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. పడిన తరవాత రోజుల్లో తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, మాట గుర్తుకు రాకపోవడం, అకారణంగా చిరాకు వంటివి ఉన్నాయేమో మీరూ మీ భార్యా కలిసి గుర్తుచేసుకోండి. కొన్ని మనకంటే పక్కవాళ్లకే బాగా తెలుస్తాయి. ఆ హెల్మెట్‌ను మాత్రం మళ్లీ పెట్టుకోవద్దు. దాని లోపలి నురగ, దెబ్బను తాను నలిగిపోయి మింగుతుంది. ఒకసారి నలిగిన చోట రెండోసారి నలగడానికి ఏమీ మిగలదు, పైకి గీత కూడా కనపడకపోవచ్చు.

ఇక మీ ప్రశ్న. అజాగ్రత్త వల్లే జరిగిందా అని అడిగారు. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు కింది నుంచి పైకి చదివాను. పట్టాల మీద జారిపోవడానికి కారణం అంతకుముందే వచ్చిన నీరసం. నీరసానికి కారణం వేళకు తిండి లేకపోవడమూ, వానలో ఆగి ఆగి తడిసిపోవడమూ. అలా ఆగి ఆగి రావలసి రావడానికి కారణం రెండో పంక్చరు. ఆ రెండో పంక్చరుకు కారణం, నేను ఊహించగలిగినంతవరకు, మొదటి పంక్చరే. సైకిల్ మీద చెడ్డ రోజులు దాదాపు అన్నీ ఇలాగే నడుస్తాయి. ఏ ఒక్క సంఘటనా మనిషిని పడగొట్టేంత పెద్దది కాదు, కానీ ప్రతి ఒక్కటీ తరవాత వచ్చేదాన్ని తట్టుకునే శక్తిని కొంచెం తీసుకుపోతుంది. అందువల్ల మీరు విచారణ చేసుకోవలసిన చోటు పట్టాలు కావు. 35వ కిలోమీటరు దగ్గరికి వెళ్లి, రోడ్డు పక్కన చక్రం ఊడదీసుకుని కూర్చున్న ఆ మనిషిని చూడండి.

కొత్త ట్యూబు ఐదు కిలోమీటర్ల లోపల పోయిందంటే, మొదటి ట్యూబును పొడిచిన వస్తువు టైరులోనే ఉండిపోయి ఉండాలి. ఇది నాకు బాగా తెలిసిన తప్పు. ఒకనాటి ఉదయం నేను వరసగా మూడు ట్యూబులు పోగొట్టుకున్నాను. ప్రతిసారీ టైరు పైభాగాన్ని కళ్లతో వెతికాను, ఏమీ కనిపించలేదు, గాలి కొట్టుకుని కదిలాను, పది నిమిషాల్లో రిమ్ము నేలకు కొట్టుకుంది. మూడోసారి కోపం దిగిపోయి ఒక చెట్టు కింద కూర్చుని, టైరును పూర్తిగా ఊడదీసి, లోపలి వైపు బయటికి వచ్చేలా అంగుళం అంగుళం తిరగేస్తూ వేలి కొసతో తడుముతూ వెళ్లాను. ఒక చోట చర్మానికి గీరుకుంది. వంచి వెలుతురుకు పెట్టి చూస్తే, కనురెప్ప వెంట్రుకంత సన్నని ఇనుప తీగ ముక్క రబ్బరులోంచి అర మిల్లీమీటరు పైకి పొడుచుకొని ఉంది. పెద్ద వాహనాల టైర్లు అరిగి చిరిగినప్పుడు వాటిలోని ఉక్కు తీగలు ఇలా తునకలై రోడ్డు మీద రాలతాయి. చక్రం మీద బరువు పడి టైరు అదిమినప్పుడే అది ట్యూబును చేరుతుంది, చక్రం గాలిలో ఉన్నప్పుడు వెనక్కి దాక్కుంటుంది. గోళ్లతో రాలేదు. చివరికి పళ్లతో పట్టి లాగాను.

ఆ రోజు నుంచి నేను పాటించే పద్ధతి మీకూ పనికొస్తుంది. టైరు మీది కంపెనీ పేరును వాల్వు ఎదురుగా ఉండేలా ఎప్పుడూ బిగించుకోండి. పంక్చరైనప్పుడు ట్యూబు తీసి గాలి కొట్టి, చిల్లు ఎక్కడుందో, అది వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూడండి. ట్యూబును టైరు పక్కన అదే వరసలో పెట్టి కొలిస్తే, టైరులో వెతకవలసిన చోటు అరచేతి వెడల్పుకు కుదించుకుపోతుంది. వేలితో తడిమేటప్పుడు గాజు ముక్క ఉంటే తెగుతుంది కాబట్టి మొదట గుడ్డ ముక్కతోనో దూదితోనో రుద్దండి. తీగ ఉన్న చోట దాని పోగు చిక్కుకుంటుంది. చిల్లు ఆకారం కూడా కథ చెబుతుంది. పక్కపక్కనే పాము కాటులా రెండు గాట్లు ఉంటే, ముల్లు కోసం వెతకడం దండగ, గాలి తక్కువై గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. చిల్లు ట్యూబు లోపలి వైపు, అంటే స్పోకుల వైపు ఉంటే, రిమ్ములో వేసిన పట్టీ పక్కకు జరిగిందేమో చూడాలి. ఈ వెతుకులాటకు పది నిమిషాలు పడుతుంది. వాన మబ్బు కమ్ముకొస్తుంటే ఆ పది నిమిషాలు చాలా ఎక్కువగా తోస్తాయి, అయినా ఇవ్వవలసిందే.

రెండోసారి మీరు చేతి పంపుతో వచ్చినంత గాలి కొట్టుకున్నారు. అది నిజానికి చాలని గాలి. మెత్తబడిన వెనక చక్రం ప్రతి మలుపులోనూ కొంచెం పక్కకు ఊగుతుంది, తొక్కడానికి ఎక్కువ బలం అడుగుతుంది. అంటే మీ ఒంట్లో మిగిలి ఉన్న కొద్దిపాటి శక్తిని అక్కడి నుంచి ఇల్లు చేరే దారి పొడవునా ఆ టైరు తాగేసింది.

ఆ శక్తి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కళ్లు తిరగడాన్ని మీరు వయసుకు ముడిపెట్టారు. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి మన శరీరం దాచుకునే పిండిపదార్థపు నిల్వ, గ్లైకోజెన్, సుమారు 400 నుంచి 500 గ్రాములు. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అది అడుగంటడం మొదలవుతుంది. కొవ్వు ఎంత ఉన్నా అంత వేగంగా శక్తి ఇవ్వలేదు. అప్పుడు కాళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతాయి, చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, ఏడుపు కూడా రావచ్చు. ఇరవై ఏళ్ల పందెగాళ్లకూ ఇదే జరుగుతుంది, ఎన్నో పెద్ద పందేలు వాళ్ల చేతుల్లోంచి ఇలాగే జారిపోయాయి. రెండు గంటలు దాటే ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లేలా, ఆకలి వేయకముందే, కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. ఆకలి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. పంక్చరు దగ్గర ఆగినప్పుడు ఊసుపోక తినడం చాలామందికి అలవాటు, మీరూ అక్కడే మొత్తం తినేశారు. ఇకమీదట ఒక తీపి ముద్దను చివరి గంట కోసం విడిగా, మరో జేబులో దాచుకోండి. నీరసం వచ్చేశాక చేయవలసింది ఒక్కటే. దిగి కూర్చుని, త్వరగా ఒంటికి పట్టే తీపి ఏదైనా తిని, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. మెదడుకు కూడా ఆధారం ఆ చక్కెరే కాబట్టి, అది తగ్గినప్పుడు మనం తీసుకునే నిర్ణయాలూ కుంటుతాయి. ఇంకో తొమ్మిది కిలోమీటర్లే కదా అని లాగించేయడం అలాంటి నిర్ణయమే.

పట్టాల గురించి మీకు తెలియనిది చెప్పగలనని అనుకోను. తడిసిన ఉక్కు మీద రబ్బరుకు పట్టు దాదాపు ఉండదు, పట్టా పక్కన ఉన్న సందు సైకిల్ చక్రం ఇరుక్కోవడానికి సరిపోయేంత వెడల్పు. వెనక వాహనాలు లేవని చూసుకుని, ముందే కొంచెం పక్కకు జరిగి, పట్టాలకు వీలైనంత నిలువుగా, చక్రం తిన్నగా ఉంచి, బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, పెడళ్లు రెండూ సమంగా పెట్టి వాటి మీద కాస్త లేచి దాటిపోవాలి. ఇదంతా మీరు రెండేళ్లలో ఎన్నోసార్లు చేసే ఉంటారు. రంగు వేసిన గీతల మీద, ఇనుప మూతల మీద, చాలాకాలం తరవాత కురిసిన తొలి వానకు నూనె పైకి తేలిన రోడ్డు మీద కూడా ఇదే జాగ్రత్త. ఆ రోజు చేయలేకపోయారంటే, తెలియక కాదు. గుర్తుచేసుకునే ఓపిక ఒంట్లో మిగలలేదు.

కాబట్టి అజాగ్రత్త అన్న మాటను నేను ఒప్పుకోను. ఒక్క తప్పు మాత్రం ఉంది, అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. 40వ కిలోమీటరు దగ్గర, విడి ట్యూబు లేదు, గాలి చాలదు, తిండి లేదు, వాన మొదలైంది. అక్కడ ఇంటికి ఫోన్ చేసి రమ్మనడమో, ఏదో ఒక వాహనం చూసుకోవడమో చేసి ఉండవలసింది. సైకిల్ మీద వెళ్లినవాడు సైకిల్ మీదే రావాలన్న పంతం మనలో చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది. ఇప్పుడు నేను ఒక హద్దు పెట్టుకున్నాను. విడి ట్యూబు, తిండి, వెలుతురు, ఆరోగ్యం అనే నాలుగింటిలో ఏ రెండు కరవైనా ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. ఇల్లు ఎంత దగ్గరగా ఉన్నా సరే.

ఆ పంతం మీద కట్టిన పందెమే ఒకటి ఉండేది. 1913లో, ఫ్రాన్స్ చుట్టూ సాగే టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో, యూజీన్ క్రిస్టోఫ్ అనే పందెగాడు మొత్తం పందేన్నే గెలవగల స్థితిలో ఉండగా, పిరనీస్ పర్వతాల్లో తూర్మాలే కనుమ దిగుతుంటే సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. బయటివాళ్ల సాయం తీసుకోకూడదని ఆనాటి నియమం. ఆయన సైకిల్‌ను మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి సెంట్ మారీ ద కాంపాన్ అనే ఊరు చేరి, అక్కడి కమ్మరి కొలిమిలో ఇనుము కాల్చి, తానే అతుకు వేసుకున్నాడు. పూర్వం తాళాలు చేసే పని నేర్చినవాడు కాబట్టి ఆ విద్య చేతిలో ఉంది. అధికారులు పక్కనే నిలబడి చూశారు. రెండు చేతులూ ఇనుము మీద ఉన్నాయి కాబట్టి కొలిమితిత్తి ఊదడానికి ఒక చిన్న కుర్రవాడు సాయం పట్టాడు, అందుకు ఆయనకు అదనంగా సమయం జరిమానా వేశారు. గంటలకు గంటలు పోయాయి, టూర్ కూడా పోయింది, అయినా ఆయన ఏడో స్థానంలో ముగించాడు. 1919లో, అందరికంటే ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఒంటి మీద ఉన్నప్పుడు మళ్లీ ఫోర్కే విరిగింది. ఆయన టూర్ ఎన్నడూ గెలవలేదు. ఆ మనిషి పట్ల నాకు గొప్ప గౌరవం. కానీ ఆయనకు ఉన్నది నియమం, మీకూ నాకూ అలాంటి నియమం ఏదీ లేదు. ఆదివారం పూట తిత్తి ఊదే పిల్లవాణ్ని పిలుచుకోవచ్చు.

వయసు మాటకు వస్తాను. 2016 రియో ఒలింపిక్స్ సైకిల్ పందెంలో నెదర్లాండ్స్ క్రీడాకారిణి అనెమీక్ ఫాన్ ఫ్లూటెన్ అందరికంటే ముందు వెళ్తూ, పల్లంలో తడి రోడ్డు మీద పడి, తలకు దెబ్బ తగిలి, నడుము దగ్గర వెన్నెముకలో మూడు చోట్ల చిట్లింది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. తరవాత 2019లో ప్రపంచ విజేత అయింది, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో బంగారు పతకం తెచ్చుకుంది, 2022లో మోచేయి చిట్లిన కొద్ది రోజులకే, 40 ఏళ్లు నిండబోతుండగా, మరోసారి ప్రపంచ రోడ్ రేసు గెలిచింది. విరిగిన మోచేతితో తొక్కమని మీకు సలహా ఇవ్వడం లేదు. ఆమె వెనక వైద్యుల బృందం ఉంది, అది ఆమె వృత్తి. చెప్పదలచుకున్నది ఒక్కటే, పడిన తరవాత గడిచే ఏళ్లలో మనిషి సైకిల్‌ను ఇంకా బాగా నడపగలడు. 1911లో పుట్టిన ఫ్రాన్స్ దేశస్థుడు రొబేర్ మార్షాన్ 105వ ఏట ఒక గంటలో 22.5 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. 46 ఏళ్లు అభ్యంతరం కానే కాదు.

చేతులు కొయ్యబారడం వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మోచేతులు బిగుసుకున్నప్పుడు చిన్న గుంత కుదుపు కూడా భుజాల నుంచి నేరుగా హ్యాండిల్‌కు చేరి చక్రాన్ని తిప్పుతుంది. భయపడిన కళ్లు తాము తప్పించుకోవలసిన రాయినే చూస్తాయి, సైకిల్ చూపు వెంటే వెళుతుంది. అంటే పడతామన్న భయమే పడేలా చేయగలదు. దీన్ని ధైర్యంతో జయించాలని చూడకండి, చేతులకు ధైర్యం వాదన వినపడదు, అలవాటే వినపడుతుంది. డాక్టరు సరేనన్న తరవాత, వాహనాలు రాని చదునైన ఖాళీ స్థలంలో, నడిచే మనిషి వేగంతో, పది నిమిషాలు మాత్రమే తిరగండి. ప్రతి చుట్టులోనూ ఒకసారి మోచేతులను రెక్కల్లా కదిలించి చూడండి. అవి కదులుతున్నాయంటే బిగువు లేనట్టే. తరవాత రోజు బ్రేకులు. ముందు బ్రేకును చాలామంది భయంతో ముట్టుకోరు, కానీ ఎండిన రోడ్డు మీద సైకిల్‌ను ఆపే బలంలో అధిక భాగం అక్కడే ఉంది. నడుమును సీటు వెనక్కి జరిపి, అరచేతులతో హ్యాండిల్‌ను గట్టిగా ఆపుకుని, రెండు బ్రేకులనూ కలిపి మెల్లగా పిండుతూ, రోజుకు కొంచెం ఎక్కువ వేగం నుంచి ఆగడం నేర్చుకోండి. నేను ఒకసారి గట్టిగా పడిన తరవాత నాకు ఇలా రెండు వారాలు పట్టింది, మీకు నాలుగు పట్టినా కంగారు పడకండి.

ఆ సాధనకు ముందు సైకిల్‌ను కూడా చూపించండి. ముఖ్యంగా వెనక గేరు డిరైలర్ (గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే భాగం) వేలాడే చిన్న లోహపు కొక్కెం, కుడి పక్కకు పడినప్పుడు కొంచెం లోపలికి వంగుతుంది. కంటికి ఆనదు. ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే తేలిక గేరులో పెట్టినప్పుడు డిరైలర్ స్పోకుల్లో దూరిపోయి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. హ్యాండిల్ ముందు చక్రానికి సూటిగా ఉందా, ఫోర్కు దగ్గర ఎక్కడైనా సన్నని పగులు ఉందా అన్నది కూడా, కార్బన్ ఫోర్కు అయితే మరింత జాగ్రత్తగా చూడాలి.

మీ భార్య మాటకు ఎదురు వాదించకండి. ఆమె అమ్మమంటున్నది సైకిల్‌ను చూసి కాదని నా అనుమానం. ఆ రోజు తడిసి, దెబ్బలతో, చీకటి పడే వేళకో ఎప్పుడో తలుపు దగ్గర నిలబడిన మిమ్మల్ని ఆమె చూసింది, అంతకుముందు ఎన్ని గంటలు ఎదురు చూసిందో మీ ఉత్తరంలో లేదు. సైకిల్ ఎంత సురక్షితమో ఆమెకు వివరించడం కంటే, ఏ దారిన వెళ్తున్నారో, ఏ వేళకు వస్తారో రాసి పెట్టి వెళ్లండి, మొదటి పంక్చరు దగ్గరే ఫోన్ చేయండి, నేను చెప్పిన హద్దును ఆమెకు చెప్పి, అది దాటితే రమ్మని పిలుస్తానని మాట ఇవ్వండి. అమ్మడమా వద్దా అన్నది చేయి నయమయ్యేదాకా ఇద్దరూ పక్కన పెట్టండి. నొప్పితో ఉన్నప్పుడు తేల్చే విషయం కాదు అది. ఆ తరవాత కూడా ఆమె మనసు ఒప్పకపోతే, లేదా మీకే మళ్లీ ఎక్కాలనిపించకపోతే, అమ్మేయడంలో చిన్నతనం ఏమీ లేదు.

మళ్లీ తొక్కాలనే నిర్ణయానికి వస్తే, ఒక పని మిగిలి ఉంటుంది. ఎండ కాసే ఒక ఉదయం, కడుపు నిండా తిని, మీరు పడిన పట్టాల దగ్గరికి వెళ్లండి. మొదటిసారి దిగి నడిపించుకుంటూ దాటండి. చక్రం ఎక్కడ జారిందో, నిలువుగా దాటాలంటే ఎంత ముందు నుంచి పక్కకు జరగాలో నిలబడి చూసుకోండి. తొక్కుతూ దాటడం ఆ రోజే కానక్కర్లేదు.